మీట లేని పెట్టె

పాట వినడానికి మూడు లక్షలు ఖర్చుపెట్టడం పాపమా, కాదా? ప్రశ్న ఇంత మొరటుగా అడిగితే జవాబు సులువే. "ముమ్మాటికీ పాపమే" అంటారు మూడు లక్షలు లేనివాళ్ళు. "మా డబ్బు మా ఇష్టం" అంటారు వున్నవాళ్ళు. ఈ రెండు జవాబుల్లోనూ ఆలోచన పాలు తక్కువ, జేబు పాలు ఎక్కువ. నేను పుట్టుకతో మొదటి జట్టువాణ్ణి. కాని రెండో జట్టువాళ్ళ ఇళ్ళల్లో కాఫీ తాగుతూ వుంటాను గనక, ఇద్దరి మధ్యా కాసేపు చతికిలబడి ఈ సంగతేమిటో చూద్దామని వుంది.

నేనంటున్నది ఖరీదైన టీవీల గురించీ, స్పీకర్ల గురించీ. అందులోనూ చెవికంటే ముందు కంటికి కనబడాలని తయారుచేసేవాటి గురించి. డెన్మార్కులో బాంగ్ అండ్ ఒలుఫ్‌సెన్ అని ఒక కంపెనీ వుంది. తమకి తొంభై ఏళ్ళు నిండిన సందర్భంలో 2015లో వాళ్ళు బియోల్యాబ్ 90 అనే స్పీకర్లు తెచ్చారు. ఒక్కో స్పీకరులో చిన్నా పెద్దా 18 మూతులు. ఒక్కొక్కదాని బరువు 137 కిలోలు, అంటే నిండు బియ్యం బస్తాకన్నా ఎక్కువ. జత ధర అప్పట్లో 80 వేల డాలర్ల చిల్లర. దొంగలెత్తుకుపోలేరన్న నిశ్చింత కూడా ధరలో కలిపారేమో తెలీదు. అందులో శబ్దశాస్త్రం బోలెడుంది, నేను కాదనను. కాని అది వున్న ఇంటికి వెళ్ళిన చుట్టం మొదట చెవి ఒగ్గడు, నోరు తెరుస్తాడు.

అలాగని ఈ జబ్బు డెన్మార్కు నించి దిగుమతి అయిందనుకోకండి. వెనకటి రోజుల్లో మన ఇళ్ళల్లో రేడియోకి గౌను కుట్టేవారు. అంచులకి లేసు, మధ్యలో రంగుదారాలతో గులాబీ, దానికి అటూ ఇటూ రెండు చిలకలు. వార్తల వేళకి గౌను పైకెత్తడం, వార్తలవగానే దించడం. పోస్టాఫీసులో ఏటేటా లైసెన్సు కట్టి పెంచుకునే పెట్టె మరి, ఆమాత్రం మర్యాద వుండొద్దూ! (ఆ లైసెన్సుని 1980లలో ఎత్తేశారు. గౌను ఎప్పుడు ఎత్తేశారో ఎవరూ రాసి పెట్టలేదు.) తర్వాత టీవీలొచ్చాయి. 1977లో హైదరాబాదులో దూరదర్శన్ మొదలైన కొత్తల్లో వీధికొక టీవీ వుంటే అదే ఆ వీధికి సినిమాహాలు. ఆ టీవీకి చెక్క తలుపులు, తలుపులకి తాళం, తాళంచెవి ఇంటి యజమాని జంధ్యానికో, ఇల్లాలి బొడ్డుకో. ఇప్పుడు శాంసంగ్ వాళ్ళు 2017లో ఫ్రేమ్ అని ఒక టీవీ తెచ్చారు. ఆపేస్తే నల్లగా మొహం మాడ్చుకోకుండా, చట్రం కట్టిన వర్ణచిత్రంలాగా గోడమీద నిలబడుతుంది. నా కంటికి అది మన చెక్క తలుపులకి మనవరాలు.

అసలు మనుషులకి యంత్రం కావాలి గాని యంత్రం మొహం అక్కర్లేదు. గ్రామఫోనుకి మొదట బాకా బయటికే వుండేది. ఆ బాకా ఇంట్లో ఆవులించినట్టు కనబడుతోందని కాబోలు, అమెరికాలో విక్టర్ కంపెనీవాళ్ళు 1906లో బాకాని మడిచి బీరువాలోకి తోసేసి, దానికి విక్ట్రోలా అని పేరుపెట్టి 200 డాలర్లకి అమ్మారు. జనం కొన్నారు. అంటే యంత్రాన్ని దాచినందుకు యంత్రంకన్నా ఎక్కువ డబ్బివ్వడం నూరేళ్ళు దాటిన ఆచారమన్నమాట.

ఈ మాటలన్నీ నేను ఒక ఆదివారం హైదరాబాదులో మా మేనల్లుడితో అంటే వాడు నన్నొక ప్రశ్న వేశాడు. "మామయ్యా, ఎవరైనా మూడు లక్షలు పెట్టి ఒక చిత్రం కొని గోడకి తగిలించుకుంటే మీరు కళాభిమాని అంటారు. అదే మూడు లక్షలతో నేను స్పీకర్లు కొంటే ఆడంబరం అంటున్నారు. ఆ చిత్రం పాట కూడా పాడదు. ఇదెక్కడి న్యాయం?"

న్యాయమైన ప్రశ్నే. మా తాతగారి ఇంట్లో ఒక పందిరి మంచం వుండేది. కోళ్ళకి తామరమొగ్గలు, తలవైపు అద్దాలు, నెమళ్ళు. నిద్ర దానిమీదా అంతే, నులకమంచంమీదా అంతే. నిజం చెప్పాలంటే వేసవిలో నులకమంచమే మేలు. అయినా ఆ మంచం చేయించిన మా ముత్తాతని ఆడంబరుడని ఎవరూ అనలేదు. చెక్కిన వడ్రంగి చేతిని ఇప్పటికీ మెచ్చుకుంటాం. మంచానికి నెమళ్ళు తగినప్పుడు పాటల పెట్టెకి నునుపు ఎందుకు తగదు? పనికొచ్చేది అందంగా వుండకూడదంటే, మన రాగిచెంబుకి మెడలో గీతలెందుకు, గడపకి పసుపెందుకు?

అంచేత అందానికి డబ్బిస్తే తప్పనే వాదం నా ఎదుట నిలవదు. నిలిచేది ఇంకోటుంది. దాన్ని అమెరికాలో థోర్‌స్టీన్ వెబ్లెన్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1899లోనే పుస్తకం రాసి పెట్టాడు. నలుగురూ చూడాలని చేసే ఖర్చు గురించి ఆ పుస్తకం. అందులో ఆయన రెండు చెంచాలు తెచ్చి మన ముందు పెడతాడు. ఒకటి చేత్తో చేసిన వెండి చెంచా, పదో ఇరవయ్యో డాలర్లు. ఇంకోటి యంత్రంలో పోసిన అల్యూమినియం చెంచా, పదో ఇరవయ్యో సెంట్లు. రెండూ నోటిదాకా ఒకేలాగ వెళ్తాయి. వెండి చెంచా అందంగా వుందని మనం మురుస్తామే, ఆ మురిపెంలో సగం దాని ధర తెలియడంవల్ల వచ్చిందే నంటాడాయన. ఖరీదైనది గనక అందంగా కనబడుతుందిట, అందంగా వుంది గనక ఖరీదు కాదుట.

ఇక్కడే నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. వెబ్లెన్ చవకకి ఉదాహరణగా పెట్టిన ఆ అల్యూమినియం అంతకు ముందు తరంలో అరుదైన లోహం. 1884లో వాషింగ్టన్ స్మారకస్తంభం కొనకి ఏ లోహం తొడగాలంటే అల్యూమినియమే తొడిగారు. 1886లో దాన్ని కరెంటుతో తీసే పద్ధతి దొరికింది, ధర పాతాళానికి పడింది, లోహం మన వంటిళ్ళకొచ్చింది. సిల్వరు గిన్నెలని పేరుపెట్టి మన అమ్మలు పాత చీరలకి బదులు తీసుకున్నది దాన్నే. ఇప్పుడు డెన్మార్కువాళ్ళు అదే లోహాన్ని నునుపుచేసి, పైపొరకి రంగుపట్టించి, దాంట్లో పాటల పెట్టె బిగించి లక్షలకి అమ్ముతున్నారు. మా అక్కయ్య ఆ స్పీకరుని గోటితో టకటకలాడించి, "ఇది సిల్వరేనట్రా!" అంది. వెబ్లెన్ బతికుంటే ఆవిడకి నమస్కారం పెట్టేవాడు.

అయితే వెబ్లెన్ చెప్పింది సగమే నిజమని నా అభిప్రాయం. మనదేశంలో ఒక టీవీ కంపెనీ 1980లలో కొమ్ములూ తోకా వున్న దయ్యాన్ని బొమ్మవేసి, పక్కింటివాళ్ళ ఏడుపే మీ గర్వం సుమా అని బాహాటంగా ప్రకటన ఇచ్చింది. అదీ నిజాయితీ అంటే! ఆ సరుకు పక్కింటివాడు లేకపోతే సగం ధరకి పడిపోతుంది. కాని కొన్ని వస్తువులుంటాయి, పక్కింటివాడు ఊళ్ళో లేనిరోజున కూడా వాటి అందం వాటికే వుంటుంది. రెంటినీ వేరుచేసే మార్గం లేదా?

ఒక మార్గం నాకు తోచింది: అందం పనిలోంచి పుట్టిందా, పనిమీద పూసిందా అని చూడడం. జర్మనీలో బ్రౌన్ కంపెనీకి 1956లో డీటర్ రామ్స్, హాన్స్ గుగెలో అనే ఇద్దరు కలిసి ఒక రేడియో గ్రామఫోను గీశారు. అప్పటిదాకా ఇలాంటి పెట్టెలు నగిషీ చెక్క బీరువాల్లా వుండేవి. వీళ్ళు తెల్లటి రేకు, పక్కల సన్నటి చెక్క, పైన అద్దంలాంటి ప్లాస్టిక్ మూత పెట్టారు. లోపలున్నదంతా బయటికి కనబడుతుంది. పోటీ కంపెనీలవాళ్ళు దానికి, కథలో రాకుమారిని పడుకోబెట్టిన గాజుపెట్టె గుర్తొచ్చి, స్నోవైట్ శవపేటిక అని పేరుపెట్టారు. తమాషా ఏమిటంటే ఆ గాజులాంటి మూత సోకు కోసం పెట్టింది కాదు. మొదట రేకుమూత అనుకున్నారు. పాట పెద్దదైతే రేకు గడగడలాడింది. అంచేత ప్లాస్టిక్ పెట్టారు. తర్వాత లోకమంతా ఇరవై ఏళ్ళు గ్రామఫోనులకి అలాంటి మూతలే!

డెన్మార్కువాళ్ళ కథా అంతే. పీటర్ బాంగ్, స్వెన్ ఒలుఫ్‌సెన్ అనే ఇద్దరు కుర్ర ఇంజనీర్లు 1925లో స్ట్రూవర్ అనే ఊరి దగ్గర ఒలుఫ్‌సెన్‌గారి ఇంటి అటకమీద రేడియోలు చెయ్యడం మొదలెట్టారు. యుద్ధం ఆఖర్లో, 1945 జనవరిలో, నాజీల పక్షంవాళ్ళు వాళ్ళ ఫ్యాక్టరీని పేల్చేశారు. మళ్ళీ కట్టుకున్నారు. 1972లో జేకబ్ యెన్సెన్ రూపం గీసిన బియోగ్రామ్ 4000 అనే గ్రామఫోను తెచ్చారు. 1978లో న్యూయార్కు ఆధునిక కళల మ్యూజియం వీళ్ళ సరుకులకి ప్రత్యేకంగా ప్రదర్శన పెట్టింది.

ఆ బియోగ్రామ్ గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. రికార్డు తయారుచేసేటప్పుడు గాడి కోసే ముల్లు అంచునించి నడిమికి సూటిగా నడుస్తుంది. మన ఇళ్ళల్లో గ్రామఫోను ముల్లు మాత్రం ఒక మూల నించి వంపు తిరుగుతూ వస్తుంది. వీళ్ళు దాన్ని కూడా సూటిగానే నడిపించారు. దాని పక్కన ఇంకో చిన్న చెయ్యి పెట్టారు; దాంట్లో దీపమూ, వెలుగుని కనిపెట్టే కన్నూ వున్నాయి. పళ్ళెంమీద రికార్డుందా లేదా, పెద్దదా చిన్నదా అది చూసుకుంటుంది. రికార్డు లేకపోతే ముల్లు కిందికి దిగదు. వేగం కూడా అదే ఎంచుకుంటుంది. మీరు చెయ్యవలసింది ఒక్కచోట వేలు పెట్టి నొక్కడం. చూడ్డానికి రెండు వెండి పుల్లలు పక్కపక్కన పడుకున్నట్టుంటుంది, అంతే. ఆ అందం తయారైంది పని సులువు చెయ్యాలన్న పట్టుదలలోంచి. పసిపిల్లయినా, చేతులు వణికే ముసలాయనైనా పాట పెట్టుకోవచ్చు, ముల్లు విరగదు. దానికి పెట్టిన డబ్బుని ఆడంబరం అనడానికి నా నోరు రాదు.

ఇంకో విషయం. 2020లో ఆ కంపెనీ తమ పాత బియోగ్రాములనే జనం దగ్గర తిరిగి కొని, విప్పి, కడిగి, అరిగినవి మార్చి, కొత్త మూతా చట్రం వేసి 95 మాత్రం మళ్ళీ అమ్మింది. ఒక్కోటి 10 వేల యూరోలు. ధర మాట అలా వుంచండి. యాభై ఏళ్ళ నాటి యంత్రం విప్పితే ఊడివచ్చింది, బిగిస్తే పనిచేసింది. మా తాతగారి పందిరి మంచం సంగతీ ఇదే. మూడు తరాలకి పంచితే ఏడాదికి దాని ఖరీదు నవారుఖర్చుపాటి కాదు.

ఇప్పటి టీవీలకి ఆ మాట చెప్పగలమా? టీవీ ప్రాణమంతా ఆ పలక. పలకలు చేసే ఫ్యాక్టరీలు లోకంలో గుప్పెడు. బాంగ్ అండ్ ఒలుఫ్‌సెన్ వాళ్ళే 2016లో ఎల్‌జీతో ఒప్పందం చేసుకుని, ఆ మరుసటి ఏడు తెచ్చిన టీవీలో ఎల్‌జీ పలకే పెట్టారు. అందులో మోసమేమీ లేదు. కంసాలి బంగారం తవ్వుకొస్తాడా? కొనుక్కొచ్చి గొలుసు చేస్తాడు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఇక్కడ గొలుసు చిరంజీవి, బంగారం అల్పాయుష్షుది. ఓకు చెక్కా, నున్నటి లోహమూ నూరేళ్ళుంటాయి. లోపలి కంప్యూటరు మాత్రం ఆరేడేళ్ళకి ముసలిదైపోతుంది. మా మేనల్లుడి ఇంట్లో వున్న ఒక ఖరీదైన సరుకు, కంపెనీ పేరు చెప్పను, అయిదేళ్ళు తిరక్కుండా పాటలు తెచ్చే ఏర్పాటుతో మాటలు మానేసింది. ఫోను చేస్తే "అది పాత మోడలండీ" అన్నారు. పాడైందీ అనలేదు, బాగుచేస్తామనీ అనలేదు. మనిషి గుండ్రాయిలా వున్నాడు గాని భాష మర్చిపోయాడన్నట్టు! ఈ జబ్బుకి మందు లేకపోలేదు. 2021లో ఆ డెన్మార్కువాళ్ళే తెచ్చిన ఒక స్పీకరులో లోపలి కంప్యూటరు ముక్కని విడిగా తీసి మార్చుకునేలాగ పెట్టారు. బుద్ధి వుంటే దారి వుంది.

ఇదంతా డబ్బు లెక్క. అసలు లెక్క వేరే వుంది.

మా మేనల్లుడి దగ్గర మా అక్కయ్య వుంటోంది. డెబ్భై ఎనిమిదేళ్ళు. పొద్దున్నే లేచి భక్తిరంజని వినడం ఆవిడకి పెళ్ళినాటి నించీ అలవాటు. వాడు తల్లంటే ప్రాణం పెట్టే పిల్లాడు. కొత్త ఫ్లాటు కొని, ముందుగదిని పత్రికల్లో బొమ్మలాగ అమర్చుకున్నాడు. తెల్లగోడ, బూడిదరంగు సోఫా, మూల నిలువెత్తు స్పీకర్లు రెండు. ఎంత వెతికినా వాటికి మీటనేది కనబడదు. దాని గొప్పే అదిట. వైర్లు గోడలోకి పోయాయి, మీటలు ఫోనులోకి పోయాయి. ఫోనుకి రహస్యపు అంకెలున్నాయి. ఆ అంకెలు వాడి బుర్రలో వున్నాయి. వాడు ఆఫీసులో వున్నాడు!

"చాలా అందంగా వుందిరా, విగ్రహాల్లా నిలబడ్డాయి," అంది మా అక్కయ్య. "కాకపోతే ఏ దేవుడో తెలీదు, ఏ మంత్రం చదివితే పలుకుతాడో అంతకన్నా తెలీదు."

వాడు నొచ్చుకుని మర్నాడే ఒక చిన్న ట్రాన్సిస్టరు తెచ్చిచ్చాడు. పన్నెండొందలు. రెండు గుండ్రటి మీటలు, ఒకటి శబ్దానికి, ఒకటి స్టేషనుకి. అక్కయ్య మొహం చేటంతయింది. అయితే ఎర్రటి ప్లాస్టిక్ పెట్టె కదా, ఆ ముందుగదిలో ఎక్కడ పెట్టినా పంటిలో రాయిలా వుంది. మా కోడలు పిల్ల, మంచిదే, పల్లెత్తు మాట అనదు, దాన్ని సోఫా పక్కనించి భోజనాల బల్ల దగ్గరికి, అక్కణ్ణించి వంటింటి గట్టుమీదికి మెల్లిగా జరిపింది. నెల తిరిగేసరికి రేడియో వెనకవైపు బాల్కనీకి చేరింది. యుటిలిటీ అంటారు వాళ్ళు. బట్టలుతికే యంత్రం, చీపురుకట్ట, గ్యాసుబండ వుండేచోటు. రేడియో వెనకాల ఒక ప్లాస్టిక్ కుర్చీ వెళ్ళింది. కుర్చీతో మా అక్కయ్య వెళ్ళింది.

ఎవరూ ఆవిణ్ణి పొమ్మనలేదు. ఆ గది అందమే మెల్లిగా తోసుకుంటూ తీసుకుపోయింది. నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదీ. ఒక వస్తువు అందంగా వుండడానికి గదిలో ఇంకేమీ వుండకూడదంటే, ఆ ఇంకేమీలో ఎవరెవరు పడతారు? డీటర్ రామ్స్ మంచి రూపకల్పనకి పది లక్షణాలు చెప్పాడు. వస్తువు తనేమిటో, తనతో ఎలా పనిచేయించుకోవాలో తనే చెప్పాలన్నది అందులో ఒకటి. మీట అంటే అదే కదా? గుండ్రంగా వుంటే తిప్పమని, ఉబ్బెత్తుగా వుంటే నొక్కమని చేతికి చెబుతుంది. మీటని తీసేసి నునుపు మిగిల్చినవాడు ఒక మాటని చెరిపేశాడు. ఆ మాట ఎవరికి అవసరమో వాళ్ళని కూడా చెరిపేసినట్టే.

ఈ మాటలే మా మేనల్లుడితో అన్నాను, వాళ్ళమ్మ ఎదుటే. వాడు తలొంచుకున్నాడు. వాడి తరఫున మాట్లాడింది మా అక్కయ్యే.

"ఊరుకోరా, నువ్వు మరీను! మన నాన్నగారి రేడియోకి మీటలు నాలుగుండేవి. ఒక్కటైనా నన్ను ముట్టుకోనిచ్చారా? దాని గౌను కుట్టింది నేను. వారం వారం ఉతికింది నేను. స్టేషను మార్చాలంటే మాత్రం మగాళ్ళు రావాలి. ఆయన కచేరీ పెడితే కచేరీ, వార్తలు పెడితే వార్తలు. అత్తారింట్లోనూ అంతే."

నేను మాట్లాడలేకపోయాను. నాకు ఆ నాలుగు మీటలూ బాగా గుర్తు. కుడివైపు చివరది తిప్పితే ఆకుపచ్చ దీపం కళ్ళు చికిలించేది. దాన్ని తిప్పే హక్కు నాకు పదో ఏటే వచ్చింది. అక్కయ్యకి అప్పటికి పద్నాలుగు.

పోయిన దీపావళికి మా మేనల్లుడు ట్రాన్సిస్టరుని తిరిగి ముందుగదిలోకి తెచ్చి స్పీకర్ల మధ్య పెట్టాడు. కోడలు దానికింద ఒక చిన్న పీట కూడా వేసింది. మూడోనాడు చూస్తే రేడియో మళ్ళీ యుటిలిటీలో వుంది. ఈసారి తీసుకెళ్ళింది అక్కయ్యే. అక్కడైతే తనకి ఎదురుగా అందుతుందిట, ఎవరూ ఫోను మాట్లాడాలి తగ్గించమనరట, ఎదురు ఫ్లాటు బాల్కనీలో ఇంకో ముసలావిడ వుందిట, ఆవిడకీ వినబడేటట్టు కాస్త పెంచి పెడుతుందిట. మొన్న నేను వెళ్తే నాకూ ఒక ప్లాస్టిక్ కుర్చీ అక్కడే వేశారు. కాఫీ అక్కడికే వచ్చింది. కాసేపటికి మా మేనల్లుడు కూడా కప్పు పట్టుకుని వచ్చి, కూచోడానికి చోటులేక బట్టలుతికే యంత్రానికి ఆనుకుని నిలబడ్డాడు.